అమ్మ గొంతు రింగ్‌టోన్‌గా పెట్టుకోవాలి, కానీ లిస్టులో ఆ ఫైలే కనబడట్లేదు

వానచినుకు · శనివారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి ఈ ఫోన్‌తో కుస్తీ పడుతున్నా. ఇక నావల్ల కాక ఇక్కడ అడుగుతున్నా.

చాన్నాళ్ళ కిందట అమ్మ వాట్సాప్‌లో ఓ వాయిస్ మెసేజ్ పంపింది. అప్పటికి నాలుగుసార్లు ఫోన్ చేసినట్టుంది, నేను ఎత్తలేదు. "ఏరా, చెవులు పనిచేస్తున్నాయా లేదా? ఫోన్ ఎత్తు ముందు." అంతే, మొత్తం 7 సెకన్లు. దాన్ని అమ్మ నంబరుకి మాత్రమే రింగ్‌టోన్‌గా పెట్టుకుందామని నా ఆశ.

బాధలు మూడు. ఒకటి, సెట్టింగ్స్‌లో రింగ్‌టోన్ లిస్టు తెరిస్తే ఆ ఫైలు కనబడదు. రెండు, ఏదో రింగ్‌టోన్ యాప్ వేసి ఎలాగో తంటాలు పడి పెడితే ఓ రోజు మోగింది. మర్నాడు ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశాక మళ్ళీ పాత కంపెనీ ట్యూనే. మూడు, మోగిన ఆ ఒక్కరోజూ పక్క గదిలోకి కూడా వినబడలేదు. వాల్యూమ్ నిండుగానే ఉంది. ఫోన్ ఆండ్రాయిడ్, రెండు సిమ్‌లు.

తీరికలేదు · రాత్రి 9:31

సిమ్ కంపెనీ నంబరుకి మెసేజ్ కొడితే వాళ్ళే పెడతారుగా. నేను అలాగే పెట్టించా.

పాతరేడియో · రాత్రి 9:40

తీరికలేదు గారూ, మీరు చెప్పేది కాలర్ ట్యూన్. మీకు ఫోన్ చేసినవాళ్ళకి వాళ్ళ చెవిలో వినబడేది. అది నెట్‌వర్క్ దగ్గర ఉంటుంది, మీరు ఫోన్ మార్చినా అది పాడుతూనే ఉంటుంది. ఈయన అడిగేది రింగ్‌టోన్, అంటే మన ఫోన్ మన చేతిలో మోగేది. దానికి నెట్‌వర్క్‌తో పని లేదు, ఫోన్‌లో ఉన్న ఫైలుతోనే పని. ఈ రెంటినీ కలిపేసుకుని "పాట పెట్టా కానీ నాకు వినబడట్లేదు" అనేవాళ్ళు వారానికొకరైనా తగులుతారు నాకు.

ఫైలుబాబాయ్ · రాత్రి 10:02

వానచినుకు తమ్ముడూ, మూడూ విడివిడి సమస్యలు. ఒకేసారి విప్పబోతే ముడి ఇంకా బిగుస్తుంది. ముందు ఇవి చెప్పు. ఆ ఫైలు ఇప్పుడు ఏ ఫోల్డర్లో ఉంది? పేరు చివర ఏముంది, ఎంపీ3నా, ఓపసా (వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు ఉండే ఆడియో ఫార్మాట్)? అమ్మగారి నంబరు సేవ్ అయింది సిమ్‌లోనా, ఫోన్‌లోనా, గూగుల్ అకౌంట్‌లోనా? మెమరీ కార్డ్ ఉందా?

వానచినుకు · రాత్రి 10:20

వాట్సాప్ వాయిస్ నోట్స్ ఫోల్డర్‌లో దొరికింది, చివర ఓపస్ అని ఉంది. లిస్టులో రావట్లేదని దాని పేరు చివర మార్చి ఎంపీ3 అని రాశా. మెమరీ కార్డ్ ఉంది, యాప్‌తో పెట్టినప్పుడు ఫైలు అందులోనే వేశా. నంబరు ఎక్కడుందో చూడాలి, ఎప్పుడో పాత ఫోన్ నాటిది.

ఫైలుబాబాయ్ · రాత్రి 10:48

సగం జబ్బు ఇక్కడే దొరికింది.

ఆ వాయిస్ నోట్స్ ఫోల్డర్లో నోమీడియా అనే ఖాళీ ఫైలు ఒకటి దాక్కుని ఉంటుంది. పేరు ముందు చుక్క ఉంటుంది కాబట్టి మామూలుగా కనబడదు. ఆ ఫైలు ఉన్న ఫోల్డర్‌ని ఆండ్రాయిడ్ పాటల కోసం, బొమ్మల కోసం వెతకదు. అది కావాలని పెట్టిందే. లేకపోతే నువ్వు పాటలు వింటుంటే మధ్యలో ఎవరో ఒకరి "సరే సరే, రేపు మాట్లాడదాం" మోగుతుంది. కాబట్టి దాన్ని పీకేయకు! కొన్నిచోట్ల అలా చెప్పేవాళ్ళున్నారు, వినకు. ఫైలుని బయటికి కాపీ చెయ్, చాలు.

ఎక్కడికంటే, ఫోన్ సొంత స్టోరేజిలో, మెమరీ కార్డులో కాదు, పైవరసలోనే రింగ్‌టోన్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాని పక్కనే నోటిఫికేషన్స్, అలారమ్స్ అని కూడా ఉంటాయి. లేకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో సరిగ్గా అదే పేరుతో నువ్వే చేసుకో. వీటిలో వేసిన ఫైళ్ళకి ఆండ్రాయిడ్ "ఇది రింగ్‌టోను", "ఇది అలారం" అని గుర్తు వేసుకుంటుంది. ఏ పాట ఎక్కడ కనబడాలో ఆ గుర్తే నిర్ణయిస్తుంది. చాలా ఫోన్లలో రింగ్‌టోన్ లిస్టులో ప్లస్ గుర్తు కూడా ఉంటుంది. దాన్ని నొక్కి ఫైలు చూపిస్తే, ఫోనే దాన్ని ఆ ఫోల్డర్లోకి కాపీ చేసుకుంటుంది.

ఇక పేరు చివర ఎంపీ3 అని మార్చడం. అది డబ్బా మీద చీటీ మార్చడమే తమ్ముడూ, లోపలి సరుకు మారదు. పాటలు వాయించే యాప్ తెలివైనదైతే లోపలికి చూసి వాయిస్తుంది. లేదంటే నోరెత్తదు.

వానచినుకు · రాత్రి 11:15

రింగ్‌టోన్స్ ఫోల్డర్లో వేశాను బాబాయ్. ఇంకా రాలేదు.

గుడ్లగూబ · రాత్రి 11:52

ఈ టైముకి మేలుకుని ఉండేది నేనొక్కడినే అనుకున్నా.

రెండు పనులు చెయ్యండి. ఆ ఓపస్‌ని నిజంగానే వేరే ఫార్మాట్‌లోకి మార్చండి. కంప్యూటర్ ఉంటే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, అందులో తెరిచి ఓజీజీగానో ఎంపీ3గానో ఎక్స్‌పోర్ట్ చెయ్యడమే. ఓపస్‌ని తెరవనంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీ, అంటే రకరకాల ఆడియో ఫార్మాట్లని చదివించే ఉచిత తోడు సాఫ్ట్‌వేర్, కూడా జతచేసుకోవాలి. కంప్యూటర్ లేకపోతే ఫోన్‌లోనే ఆడియో కన్వర్టర్ యాప్‌లున్నాయి. ఏదైనా యాప్ కాంటాక్టులూ కెమెరా అనుమతులు అడిగితే మాత్రం వెంటనే తీసేయండి, పాట మార్చడానికి కెమెరా ఎందుకు?

రెండోది, ఫైలు వేశాక ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి. కొత్త ఫైలు వచ్చిందని ఫోన్‌కి ఒక్కోసారి వెంటనే తెలియదు.

వానచినుకు · ఆదివారం, ఉదయం 8:05

వచ్చింది!! లిస్టులో అమ్మ వచ్చింది. ఫైలు పేరు "అమ్మ కోపం" అని పెట్టా, అలాగే కనబడుతోంది.

కానీ ఇప్పుడు అమ్మ కాంటాక్ట్ తెరిచి మూడు చుక్కలు నొక్కితే ‘సెట్ రింగ్‌టోన్’ అనేదే లేదు. మా చెల్లి కాంటాక్ట్‌లో ఉంది, అమ్మదాంట్లో లేదు. ఇదేం పక్షపాతం?

ఫైలుబాబాయ్ · ఉదయం 8:40

నిన్న అడిగింది అందుకే. అమ్మగారి నంబరు సిమ్‌లో ఉంది. సిమ్ కార్డులో పేరూ నంబరూ, మహా అయితే ఇంకో రెండు వివరాలు పడతాయి. ఫలానా ట్యూన్ మోగాలని రాసుకోవడానికి అందులో చోటే లేదు. ఆ నంబరుని ఫోన్‌లోకో గూగుల్ అకౌంట్‌లోకో కాపీ చేసి, సిమ్‌లో ఉన్నదాన్ని తీసెయ్. తీసెయ్యడం మర్చిపోకు. ఒకే నంబరు రెండుచోట్ల ఉంటే, ఫోన్ వచ్చినప్పుడు ఫోన్ ఏది పట్టుకుంటుందో చెప్పలేం. "పెట్టాను కానీ మోగట్లేదు" అనేవాటిలో సగం ఈ జంట కాంటాక్టుల బాపతే.

ఇంకోటి కూడా ఇప్పుడే చెప్తున్నా. రేపు కొత్త ఫోన్ కొంటే గూగుల్ అకౌంట్‌తో నంబర్లన్నీ వచ్చేస్తాయి గానీ, ఎవరికి ఏ ట్యూన్ అన్న లెక్క అకౌంట్‌తో సింక్ అవదు. అది ఆ ఫోన్‌లోని ఫైలుకి కట్టిన దారం. మళ్ళీ కట్టుకోవాల్సిందే. ఆ ఫైలు మాత్రం ఇంకో రెండుచోట్ల దాచిపెట్టుకో, అమ్మ గొంతు అది.

నీలికళ్ళజోడు · ఉదయం 9:10

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాది ఐఫోన్. నాకు ఈ ఫోల్డర్ల గోల లేదు, కానీ అసలు దారే తెలియట్లేదు. మా పాప నవ్వు రికార్డు చేశాను, అది పెట్టుకోవచ్చా?

సన్నజాజి · ఉదయం 9:48

పెట్టుకోవచ్చండీ. ఐఓఎస్ 26 గానీ ఆపైది గానీ ఉంటే చాలా తేలిక. ఆడియో ఫైలుని ఫైల్స్ యాప్‌లో దాచుకుని, షేర్ నొక్కితే ‘యూజ్ యాజ్ రింగ్‌టోన్’ అని వస్తుంది. 30 సెకన్ల లోపు ఉండాలి.

అంతకన్నా పాతదైతే గరాజ్‌బ్యాండ్ యాప్ కావాలి. రికార్డింగ్‌ని అందులోకి తెచ్చి, సేవ్ చేసి, మై సాంగ్స్‌లో దాన్ని నొక్కి పట్టుకుని షేర్, ఆ తర్వాత రింగ్‌టోన్. అక్కడా 30 సెకన్లే, ఎక్కువుంటే అదే కత్తిరిస్తానంటుంది. మొదటిసారి నాకు గంట పట్టింది, రెండోసారి మూడు నిమిషాలు.

కంప్యూటర్‌తో చేసే పాత పద్ధతిలో ఫైలు చివర ఎం4ఆర్ అని ఉండాలి. విచిత్రం ఏంటంటే అది లోపల మామూలు ఎం4ఏ ఫైలే. పైన ఫైలుబాబాయ్ గారు చీటీ మారిస్తే సరుకు మారదన్నారు కదా, ఇక్కడ మాత్రం సరుకు అదే, చీటీ మారిస్తేనే ఐఫోన్ లోపలికి రానిస్తుంది.

నెలనెలా చందా కట్టి వినే యాప్‌లలో డౌన్‌లోడ్ చేసిన పాటలు మాత్రం ఏ ఫోన్‌లోనూ ఇలా పనికిరావు. వాటికి తాళం వేసి ఉంటుంది, ఆ యాప్ బయట తెరుచుకోవు. పాప నవ్వుకి ఏ తాళమూ లేదు, హాయిగా పెట్టుకోండి.

పాతరేడియో · ఉదయం 10:15

ఇవన్నీ చూస్తుంటే నోకియా రోజులు గుర్తొస్తున్నాయి. అందులో కంపోజర్ అని ఉండేది. అంకెల మీటలే స్వరాలు, ఒక్కో మీట నొక్కుతూ ట్యూన్ కట్టుకునేవాళ్ళం. దాన్ని రాసుకోవడానికి ఆర్‌టీటీటీఎల్ అని ఓ పద్ధతి కూడా ఉండేది. ట్యూన్ మొత్తం ఒక్క వాక్యమంత అక్షరాల్లో ఇమిడిపోయేది. పేరు, వేగం, ఆ తర్వాత స్వరాలు. నోటుబుక్కులో రాసి మిత్రుడికిస్తే వాడు తన ఫోన్‌లో ఎక్కించుకునేవాడు. ఫార్మాట్ గొడవలు, అనుమతుల గొడవలు ఏవీ లేవు.

గుడ్లగూబ · ఉదయం 10:22

అమ్మ గొంతు పెట్టుకోవడం కూడా లేదుగా రేడియో గారూ.

పాతరేడియో · ఉదయం 10:24

అదీ నిజమే.

వానచినుకు · ఉదయం 11:30

సిమ్ నుంచి మార్చాను. ‘సెట్ రింగ్‌టోన్’ వచ్చింది, పెట్టాను. చెల్లి ఫోన్‌లోంచి ప్రయత్నిద్దామని ఆ నంబరుకీ అదే పెట్టి మోగించా. మోగుతోంది. కానీ పాత కథే, జేబులో ఉంటే ఏదో గొణుగుతున్నట్టుంది. మొదట కాసేపు అసలు శబ్దమే లేదు.

మైకుమాస్టర్ · మధ్యాహ్నం 12:10

ఇక్కడ నా అవసరం పడింది. సౌండ్ ఎడిటింగే నా పని, కాస్త పెద్దదిగా రాస్తా, ఓర్చుకోండి.

వాయిస్ మెసేజ్ నొక్కగానే ఎవరూ మాట్లాడరు. ఒకట్రెండు సెకన్లు ఊపిరి పీల్చుకుంటారు, ఫోన్ సర్దుకుంటారు. మీకు వినబడని ఆ "కాసేపు" అదే. ఆడాసిటీలో తెరిస్తే మాట మొదలయ్యేదాకా గీత సాఫీగా ఉంటుంది, ఆ ముక్క కోసేయండి. "ఏరా" మీదే మొదలవ్వాలి.

తర్వాత ఫోన్ స్పీకర్ సంగతి. అది గోరంత ఉంటుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలు దాంట్లోంచి సరిగ్గా రావు. హెడ్‌ఫోన్స్‌లో గుండెలదిరేలా కొట్టే డప్పు ఫోన్‌లో చప్పగా ఉండేది అందుకే. మన చెవి బాగా పసిగట్టేది సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య శబ్దాలని. కాబట్టి హై పాస్ ఫిల్టర్ పెట్టి 200 హెర్ట్జ్ కన్నా కిందిది తీసేయండి. ఎలాగూ వినబడని శబ్దం చోటు ఆక్రమించడం తప్ప ఏం చేస్తుంది?

తర్వాత కంప్రెసర్. అమ్మగారు "చెవులు" అన్నప్పుడు గట్టిగా, "ముందు" అన్నప్పుడు మెల్లగా అని ఉంటారు. కంప్రెసర్ గట్టివాటిని కాస్త అణుస్తుంది, దాంతో మొత్తాన్ని పైకి లేపే వీలు దొరుకుతుంది. చివరగా నార్మలైజ్, అంటే గరగర రాకుండా మొత్తం శబ్దాన్ని పై హద్దు దగ్గరిదాకా ఒకేలా పెంచడం, మైనస్ 1 డెసిబెల్‌కి. వరస ఇదే ఉండాలి. ముందే నార్మలైజ్ చేసి తర్వాత మిగతావి చేస్తే మళ్ళీ మొదటికొస్తారు.

ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్‌కి పెట్టేటప్పుడు ఈ లెక్క కొంచెం మారుతుంది. వయసుతోపాటు ముందు తగ్గేది సన్నటి, పై స్థాయి శబ్దాల వినికిడి. గంటల్లా, పిచ్చుకల్లా మోగే సన్నటి ట్యూన్లు వాళ్ళకి అందవు. మనిషి గొంతులాంటి మధ్యస్థాయి ట్యూన్ నయం.

ఇంకొక్క మాట. 7 సెకన్ల మాట ఎత్తేదాకా మళ్ళీ మళ్ళీ మొదలవుతుంది. చివర ఓ సెకను ఖాళీ ఉంచండి, లేకపోతే ఊపిరి తీసుకోకుండా తిట్టినట్టుంటుంది. అదే సంగీతమైతే ఖాళీ ఉండకూడదు. ఎంపీ3లో మొదట్లోనూ చివర్లోనూ సన్నటి నిశ్శబ్దం తనంతట తానే చేరుతుంది, ఆ ఫార్మాట్ తత్వమే అంత. తాళం తప్పినట్టు వినబడుతుంది. అలాంటి వాటికి ఓజీజీ మేలు.

తీరికలేదు · మధ్యాహ్నం 12:35

ఇంత అవసరమా? వాల్యూమ్ 200 శాతం పెంచే యాప్‌లున్నాయి. ఒక్క నొక్కుతో అయిపోద్ది.

మైకుమాస్టర్ · మధ్యాహ్నం 12:50

గ్లాసులో పట్టేది గ్లాసెడే. పైన పోసిందంతా కారిపోతుంది. శబ్దంలో ఆ కారిపోవడాన్ని క్లిప్పింగ్ అంటాం, గొంతు బొంగురుపోయి గరగరలాడుతుంది. పైగా అలా ఎప్పుడూ బాదుతుంటే ఆ చిన్న స్పీకర్‌కీ మంచిది కాదు. మీ ఫోన్ మీ ఇష్టం. ఈయనది అమ్మ గొంతు, గరగరలాడితే బాగుండదు.

తీరికలేదు · మధ్యాహ్నం 12:58

నా ఫోన్‌లో బానే ఉంది మరి.

ఫైలుబాబాయ్ · మధ్యాహ్నం 1:20

దాన్ని అక్కడే వదిలేద్దాం. వానచినుకు, నీ రెండో బాధ మిగిలింది, రీస్టార్ట్ తర్వాత పాత ట్యూన్ రావడం. ఫైలు మెమరీ కార్డులో ఉండటమే కారణం అయ్యుంటుంది. ఫోన్ లేచాక కార్డుని చదవడానికి కాస్త సమయం పడుతుంది. ఈలోపు ట్యూన్ కోసం వెతికి, దొరక్క, కంపెనీ ట్యూన్‌కి పోతుంది. ఇప్పుడు ఫోన్ స్టోరేజిలోనే ఉంది కాబట్టి ఆ బెడద ఉండకూడదు. ఇప్పుడు పెట్టిన ఫైలు పేరు మార్చినా, చోటు మార్చినా మళ్ళీ ఇదే కథ. "చెత్త తీసేస్తాం" అనే క్లీనర్ యాప్‌లు ఉంటే వాటిమీదా ఓ కన్నేసి ఉంచు, రింగ్‌టోన్‌ని కూడా చెత్త అనుకోగలవు. ఆ రింగ్‌టోన్ యాప్‌ని తీసెయ్. తీసేముందు ‘మోడిఫై సిస్టమ్ సెట్టింగ్స్’ అనుమతి ఇచ్చావేమో చూడు. ఆండ్రాయిడ్ 6 నుంచి ఆ అనుమతి లేనిదే యాప్‌లు రింగ్‌టోన్ మార్చలేవు. అది ఉన్న యాప్ నీకు చెప్పకుండానే మార్చగలదు.

కొత్తగువ్వ · మధ్యాహ్నం 2:05

నా ఫోన్‌లో పాట పెడితే మొదటినుంచి కాకుండా మధ్యలోంచి మోగుతోంది. ఇది కూడా ఫైలు తప్పేనా?

గుడ్లగూబ · మధ్యాహ్నం 2:30

కాదు. ట్యూన్ ఎంచుకునే తెరమీద ‘హైలైట్స్ ఓన్లీ’ అని ఉందేమో చూడండి. ఉంటే ఆపేయండి. పాటలో ముఖ్యమైన భాగం ఏదో ఫోనే ఊహించుకుని అక్కడినుంచి వాయిస్తుంది. ఆ ఊహ ఎప్పుడూ పల్లవి మీద పడదు, అదేం కర్మో.

సన్నజాజి · మధ్యాహ్నం 3:12

నీలికళ్ళజోడు గారూ, పెట్టుకున్నాక ఒకటి గమనించండి. ఫేస్ ఐడీ ఉన్న ఐఫోన్‌లలో, మీరు తెరవైపు చూడగానే రింగ్ దానంతట అది తగ్గుతుంది. "అయ్యో, పాప నవ్వు మధ్యలో తగ్గిపోతోంది" అని ఫైలుని మళ్ళీ ఎడిట్ చెయ్యకండి. ఫేస్ ఐడీ సెట్టింగ్స్‌లో ‘అటెన్షన్ అవేర్ ఫీచర్స్’ ఆపితే తగ్గడం మానేస్తుంది. నేను మాత్రం ఆపలేదు, నలుగురిలో ఉన్నప్పుడు అది మంచిదే.

కాంటాక్ట్‌లో రింగ్‌టోన్ ఎంచుకునే చోటే ‘ఎమర్జెన్సీ బైపాస్’ కూడా ఉంటుంది. ఆన్ చేస్తే ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఆ ఒక్కరి కాల్ మాత్రం మోగుతుంది.

నీలికళ్ళజోడు · మధ్యాహ్నం 3:40

పెట్టేశాను అక్కా! ఇంట్లోవాళ్ళందరూ ఊరికే నాకు ఫోన్లు చేస్తున్నారు.

వానచినుకు · సాయంత్రం 6:22

మైకుమాస్టర్ గారూ, మీరు చెప్పిన వరసలోనే చేశా. మొదటి సెకనున్నర కోసేశా, చివర ఓ సెకను ఖాళీ పెట్టా. ఇప్పుడు మేడ మీద ఉన్నా వినబడుతోంది, భయమేస్తోంది కూడా. రెండుసార్లు రీస్టార్ట్ చేశా, అలాగే ఉంది.

కానీ ఇందాక అమ్మే చేసింది, మామూలు ట్యూనే మోగింది!! మళ్ళీ ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదు. టెన్షన్‌గా ఉంది.

ఫైలుబాబాయ్ · సాయంత్రం 6:30

అమ్మ చేసింది మామూలు కాలా, వాట్సాప్ కాలా?

వానచినుకు · సాయంత్రం 6:31

...వాట్సాప్. అమ్మ ఎప్పుడూ వాట్సాప్‌లోనే చేస్తుంది.

ఫైలుబాబాయ్ · సాయంత్రం 6:44

ఈ ముక్క నిన్ననే చెప్పాల్సింది నాయనా.

వాట్సాప్ కాల్‌కి నీ కాంటాక్ట్‌లో పెట్టిన ట్యూన్‌తో సంబంధం లేదు. దాని రింగ్‌టోన్ దానిదే. వాట్సాప్‌లో అమ్మ చాట్ తెరిచి, పైన పేరు నొక్కి, నోటిఫికేషన్ల దగ్గర కస్టమ్ నోటిఫికేషన్స్ ఆన్ చెయ్. అక్కడ మెసేజికి వేరు, కాల్‌కి వేరు ట్యూన్ ఉంటుంది. కాల్ దగ్గర "అమ్మ కోపం" ఎంచుకో. ఫైలు రింగ్‌టోన్స్ ఫోల్డర్లోనే ఉంది కాబట్టి లిస్టులో వస్తుంది, ఆ కష్టం వృథా పోలేదు.

పనిలో పని, అమ్మ కాంటాక్ట్‌కి స్టార్ పెట్టు. డు నాట్ డిస్టర్బ్‌లో స్టార్ పెట్టినవాళ్ళ కాల్స్ మోగేలా పెట్టుకోవచ్చు. అది మామూలు కాల్స్‌కి.

వానచినుకు · రాత్రి 8:50

అయింది. మూడు సమస్యలు అనుకుంటే ఆరు తేలాయి, ఆరూ తీరాయి. అందరికీ పేరుపేరునా థాంక్స్.

పరీక్ష కూడా అయింది. అమ్మ నా పక్కనే కూర్చుని చేసింది. నా జేబులోంచి "ఏరా, చెవులు పనిచేస్తున్నాయా లేదా" అని ఇల్లంతా మోగింది. అమ్మ రెండు క్షణాలు అటూ ఇటూ చూసి, "ఇది నేనేనా? నేనెప్పుడన్నాను ఇలా?" అంది. తేదీతో సహా చూపించా. "అయితే అప్పుడు నువ్వు ఎత్తలేదన్నమాట" అని మళ్ళీ తిట్లు మొదలు.

ఇప్పుడు అసలు సంగతి. నేను ఫోన్ చేస్తే తనకి నా గొంతు వినబడాలంటోంది. నేను ఏం మాట్లాడాలో కూడా తనే చెప్పింది: "అమ్మా, తిన్నాను." నన్ను రోజూ అడిగేది అదే కదా, ఎత్తకముందే జవాబు దొరుకుతుందట. రికార్డ్ చేసి, కోసి, ఓజీజీ చేసి, ఆమె ఫోన్‌లో వేశా. తీరా చూస్తే ‘సెట్ రింగ్‌టోన్’ లేదు.

గుడ్లగూబ · రాత్రి 8:58

సిమ్‌లో ఉన్నారు మీరు.

వానచినుకు · రాత్రి 9:03

అవును. అదీ రెండుసార్లు. ఒకటి నా పేరుతో, ఇంకోటి "ఎత్తడు" అని.